హాజరు పిలవని రోజు: బడి పండుగల్లో ప్రత్యేక అవసరాల పిల్లలు

"రేపు జెండా పండుగ గదమ్మా, పిల్లోణ్ణి ఇంట్లోనే పెట్టుకోండి. అంతసేపు ఎండలో యాడ కూర్చుంటాడు, పాపం."

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ మాట విన్న తల్లులు ఎందరో ఉంటారు. చెప్పిన టీచరుకు ఆ పిల్లాడి మీద కోపమేమీ లేదు. ఎండకు సొమ్మసిల్లుతాడేమోనని, గుంపులో ఎవరైనా తోసేస్తారేమోనని భయం. "సరే మేడమ్" అనే తల్లికి కూడా లోపల అదే టెన్షన్. ఇద్దరూ పిల్లాడి మేలు కోరే అనుకున్నారు. కానీ ఏడాదంతా బడికి వచ్చిన పిల్లాడు ఆ ఒక్కరోజు ఇంట్లో ఉండిపోయాడు. మర్నాడు తరగతిలో అందరూ మిఠాయి గురించి, డాన్సు గురించి చెప్పుకుంటుంటే వినడం తప్ప అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

డిసెంబరు వచ్చిందంటే ఈ విషయం మళ్లీ ముందుకొస్తుంది. 3వ తేదీన అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. ఆ తర్వాత క్రిస్మస్, సంక్రాంతి ముగ్గులు, జనవరి 26, వార్షికోత్సవం, ఉగాది, ఒకదాని వెంట ఒకటి. అందరినీ కలుపుకుని పండుగ చేయాలని ఎవరిని అడిగినా అంటారు. కలుపుకోవడం అంటే ఏమిటన్న దగ్గరే చిక్కంతా ఉంది. చట్టం ఎంతవరకు అడుగుతోంది? వేరుగా చేస్తే తప్పా? మిగతా పిల్లల సరదా తగ్గించాలా? ఒక్కొక్క ముడీ విప్పి చూద్దాం.

ముందు మాటల సంగతి

వికలాంగులు అన్నది పాత మాట. ప్రభుత్వ కాగితాల్లో ఇప్పుడు విభిన్న ప్రతిభావంతులు అని రాస్తున్నారు. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో సూచించాక దివ్యాంగులు అన్న మాట కూడా వాడుకలోకి వచ్చింది. గౌరవంగా ఉందని దాన్ని ఇష్టపడేవాళ్లున్నారు. పొగడ్తలు వద్దు, హక్కులివ్వండి అని దాన్ని కాదనేవాళ్లూ ఉన్నారు. బడిలో మాత్రం ఎక్కువగా వినిపించేది 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు' అన్న పేరు. ఈ వ్యాసంలో నేనూ అదే వాడుతున్నాను.

ఈ పిల్లల్ని మామూలు బడిలో, మామూలు తరగతిలో, తోటిపిల్లలతో కలిపి చదివించడాన్ని మన రాష్ట్రంలో సహిత విద్య అంటారు. బడి చదువుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్షా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉంటాయి. ఫిజియోథెరపీ, మాట శిక్షణ, రోజువారీ పనులు నేర్పడం లాంటివి అక్కడ జరుగుతాయి. సహిత విద్య టీచర్లు అక్కడ పని చేస్తూనే చుట్టుపక్కల బడులకు, కొందరు పిల్లల ఇళ్లకు వెళ్తుంటారు.

ఇక వైకల్యం అనగానే చక్రాల కుర్చీ ఒక్కటే కళ్లముందు మెదలడం మనందరికీ ఉన్న అలవాటు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. చూపు, వినికిడి, కదలికలతో పాటు నలుగురితో మాటామంతీ కష్టమయ్యే ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బంది, కండరాల క్షీణత, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా, రక్తహీనత తెచ్చే తలసీమియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. ఇందులో చాలావి కంటికి కనబడవు. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టే గుంపులో హీమోఫీలియా ఉన్న పిల్లాడు ఉంటే పైకి ఎవరికీ తెలియదు. మిగతావాళ్లకు చిన్న దెబ్బ అనిపించేది అతనికి ఆసుపత్రి దాకా వెళ్లే రక్తస్రావం కావచ్చు.

చట్టంలో వేడుకల మాట ఉందా?

ఉంది, కానీ ఈ సంగతి చాలామందికి తెలియదు. 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ బడుల బాధ్యతలు చెబుతుంది. పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, చదువు చెప్పాలి అన్న వాక్యంలోనే ఆటలకు, వినోద కార్యక్రమాలకు ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలన్న మాట కూడా ఉంది. అంటే చట్టం దృష్టిలో చదువును, సరదాను విడదీయలేదు. ఈ బాధ్యత సర్కారు బడులకే పరిమితం కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ ఉంది. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 30వ అధికరణలోనూ బడిలో జరిగే ఆటపాటల్లో పిల్లలకు సమాన అవకాశం ఉండాలని ఉంది.

ఇక్కడ తరచూ ఒక గందరగోళం వస్తుంది. "సదరం సర్టిఫికెట్ లేదు కదా, 40 శాతం రాలేదు కదా" అంటారు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే పత్రం. పింఛను లాంటి పథకాలకు 40 శాతం లెక్క అవసరం. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు చెప్పే 31వ సెక్షన్‌కూ అదే లెక్క. 16వ సెక్షన్‌లో ఆ శాతం ఊసే లేదు. ముప్పై శాతం వినికిడి లోపమున్న అమ్మాయికి ముందు వరసలో చోటివ్వడానికి ఏ సర్టిఫికెట్టూ చూడనక్కర్లేదు.

చట్టంలో ఇంకో ముఖ్యమైన ఆలోచన ఉంది. తెలుగులో సహేతుకమైన సర్దుబాటు అనుకోవచ్చు. ఫలానా పిల్లాడు అందరితో సమానంగా పాల్గొనడానికి అవసరమైన మార్పు చేయాలి, అయితే ఆ మార్పు బడికి మోయలేని భారం కాకూడదు. మైకులో చెప్పేది బోర్డు మీద కూడా రాయడం సర్దుబాటే. పదిమంది పిల్లలున్న పల్లె బడిని పట్నం నుంచి సైగ భాష అనువాదకుణ్ణి పిలిపించమంటే భారం అనిపించవచ్చు, వెయ్యిమంది చదివే బడికి అది భారం కాకపోవచ్చు. గీత ఎక్కడ గీయాలో చట్టం అడుగుల్లో, రూపాయల్లో చెప్పలేదు. సందర్భాన్ని బట్టి తేల్చుకోమంది. సులువుగా చేయగల సర్దుబాటును కూడా కాదంటే మాత్రం దాన్ని వివక్షగానే లెక్కిస్తుంది.

జెండా వందనం, 52 సెకన్లు

జాతీయ గీతం పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు పడుతుంది. నిలబడలేని పిల్లల్ని జెండా వందనానికి రప్పించడానికి వెనకాడటంలో ఈ 52 సెకన్ల పాత్ర కూడా ఉంది. గీతానికి లేచి నిలబడకపోతే అగౌరవమవుతుందని, ఎవరైనా ఫొటో తీసి గొడవ చేస్తారని భయం.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సినిమా హాళ్లలో జాతీయ గీతం కేసులో 2016 డిసెంబరు 9న కోర్టు ఒక స్పష్టత ఇచ్చింది. నిలబడలేని వికలాంగులు లేవనక్కర్లేదు, గౌరవం తెలిపేలా నడుచుకుంటే చాలు అంది. 2018 జనవరి 9న సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి అన్న నిబంధనను మార్చినప్పుడు, వికలాంగులకు ఇచ్చిన ఆ మినహాయింపు అన్ని సందర్భాల్లోనూ వర్తిస్తుందని చెప్పింది. కాబట్టి చక్రాల కుర్చీలో కూర్చుని చెయ్యెత్తి వందనం చేసే పిల్లాడిది పూర్తి వందనమే. సైగ భాషలో జాతీయ గీతం వీడియో కూడా 2017లో విడుదలైంది. వినపడని పిల్ల ఆ 52 సెకన్లలో తన చేతులతో గీతం పాడగలదు. పక్కనున్న పిల్లలు కూడా ఆ సైగలు నేర్చుకున్న బడిలో వందనం చూస్తే కళ్లు చెమరుస్తాయి.

ఎండ సంగతి మాత్రం నిజమే. ఇక్కడ ఆగస్టులోనూ తొమ్మిది దాటితే ఎండ చురుక్కుమంటుంది. అతిథి ఆలస్యంగా వస్తాడు, పిల్లలు వరసల్లో నిలబడి ఉంటారు, ప్రసంగాలు సాగుతూనే ఉంటాయి. దీనివల్ల సొమ్మసిల్లేది ప్రత్యేక అవసరాల పిల్లలు ఒక్కరే అనుకుంటే పొరపాటు, టిఫిన్ తినకుండా వచ్చిన ప్రతి పిల్లదీ ఇదే పాట్లు. వేపచెట్టు కిందో వరండాలోనో నీడ చూసి కార్యక్రమాన్ని అక్కడికి మార్చిన బడిలో "ఈ పిల్లాణ్ణి ఏం చేద్దాం" అన్న ప్రశ్నే రాదు.

మూడడుగుల వేదిక, ముప్పై ఆరడుగుల ర్యాంపు

వార్షికోత్సవానికి షామియానా వాళ్లు వేసే వేదిక సాధారణంగా రెండు మూడు అడుగుల ఎత్తుంటుంది. చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదని భవనాల ప్రమాణాలు చెబుతాయి. అంటే ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. వేదిక మూడడుగులంటే 36 అంగుళాలు, ర్యాంపు 36 అడుగులు పోవాలి. ఒక లారీ కంటే పొడుగు. ఒక్క సాయంత్రానికి దాన్ని కట్టడం ఏ బడికైనా కష్టమే. మధ్యలో ఏదో పలక వాల్చి "ర్యాంపు పెట్టాం" అంటే అది జారుడుబండ అవుతుంది తప్ప ర్యాంపు కాదు.

సాధారణంగా దీనికి దొరికే పరిష్కారం, ఇద్దరు పెద్దవాళ్లు కుర్చీతో సహా పిల్లాణ్ణి ఎత్తి పైన పెట్టడం. దీని మీద అభిప్రాయాలు రెండు రకాలు. మన ఊళ్లలో ఎత్తుకోవడం ప్రేమ చూపించే పద్ధతి, అందులో తప్పేముంది అని కొందరు తల్లిదండ్రులే అంటారు. ఆరేళ్ల పిల్లాడి విషయంలో అది నిజమే కావచ్చు. పద్నాలుగేళ్ల అమ్మాయిని ఊరంతా చూస్తుండగా మగవాళ్లు ఎత్తి దించితే ఆమెకు ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి. కుర్చీ ఒరిగి పడిపోయే ప్రమాదం అదనం.

వేదిక ఎత్తు ఒక అడుగైతే ర్యాంపు 12 అడుగులు చాలు. అసలు వేదికే లేకుండా నేల మీదే ప్రదర్శన పెట్టి, చిన్నపిల్లల్ని ముందు జంపఖానాల మీద, పెద్దల్ని వెనక కుర్చీల్లో చుట్టూ కూర్చోబెడితే ర్యాంపు ప్రశ్నే పోతుంది. వీధి భాగోతం, చెక్క భజన పుట్టి పెరిగింది అలాంటి నేల మీదే. దీనికీ అభ్యంతరం ఉంది. వెనక వరసల తల్లులకు తమ పిల్లలు కనబడరు, వార్షికోత్సవం వార్షికోత్సవంలా ఉండదు. కాదనలేని అభ్యంతరమే. ఎత్తు తగ్గించి వేదిక ఉంచడం ఈ రెండింటికీ మధ్య దారి.

ఇంకో చిన్న విషయం. బడికి శాశ్వత ర్యాంపు ఉన్నచోట కూడా పండుగ రోజున దాని మీద బెంచీలు, షామియానా గొట్టాలు, సౌండ్ బాక్సుల పెట్టెలు పేర్చి ఉంటాయి. తేలిగ్గా ఎక్కగల మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. ఏడాదంతా ఉన్న వసతి పండుగ నాడే మాయమవుతుంది. మధ్యాహ్నం దాకా ఉండాల్సిన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మరుగుదొడ్డి లేకపోతే వేడుక లేనట్టే.

సౌండ్ బాక్సులు, బెలూన్లు

ఈ చర్చలో అన్నిటికంటే చిక్కైనది శబ్దం. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు పెద్ద చప్పుడు నొప్పిలాంటిది. చెవులు మూసుకుని ఏడుస్తుంటే పెంకితనం అనుకుంటాం. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లకు సౌండ్ బాక్సుల దగ్గర అన్నీ కలగలిసి హోరు అవుతుంది, పక్కనున్న స్నేహితురాలి మాట ఆ హోరులో మునిగిపోతుంది. యంత్రం తీసేస్తే ఏమీ వినబడదు, పెట్టుకుంటే భరించలేదు.

దూరం కొంత సాయపడుతుంది. ఖాళీ మైదానంలో శబ్దానికి దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు 5 మీటర్ల దూరంలో కూర్చున్న పిల్లను 20 మీటర్ల దూరానికి మారిస్తే 12 డెసిబెల్స్ తగ్గినట్టు. 10 తగ్గితేనే చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది. అలాగని ఆ పిల్లను మైదానం చివర ఒంటరిగా కూర్చోబెడితే ఇంకో రకంగా వెలివేసినట్టే అవుతుంది. ఆమె తరగతి మొత్తాన్ని అటువైపు కూర్చోబెట్టడం ఒక ఏర్పాటు, బాక్సుల మూతి పక్కకు తిప్పడం ఇంకొకటి. సౌండే తగ్గిస్తే అందరికీ మేలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది, అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్. మామూలు మాటల చప్పుడే దాదాపు 60 ఉంటుంది. మరి డీజే సంగతి చెప్పనక్కర్లేదు.

"వాళ్లకోసం మా పిల్లలు డాన్సు మానుకోవాలా?" అని అడిగే తల్లిదండ్రులను స్వార్థపరులని కొట్టిపారేయలేం. పదేళ్ల పిల్లకు బడి డాన్సు ఏడాదంతా గుర్తుండే సంబరం. పాట ఆపడానికి, పాట సౌండ్ తగ్గించడానికి చాలా తేడా ఉంది. చప్పుడు ఎక్కువున్న అంశాలన్నీ ఒక గంటలో వరసగా పెట్టి, అది ఎప్పుడో ముందే చెబితే ఆ గంట బయట ఉండాలనుకున్న పిల్లాడు ఉంటాడు, తర్వాత వస్తాడు. ఆఫీసు రూమో లైబ్రరీయో తలుపు తీసి, అక్కడ చాప వేసి, తెలిసిన టీచరు ఒకరు ఉంటే అదే విశ్రాంతి గది. అక్కడికి వెళ్లాలా, ఎప్పుడు తిరిగి రావాలి అన్నది పిల్లాడే తేల్చుకుంటే అది అతనికి ఆసరా. అతన్ని ఉదయమే అక్కడ కూర్చోబెట్టి సాయంత్రం తీసుకొస్తే మాత్రం పేరు మార్చిన వెలే.

ఇప్పుడు బెలూన్ల సంగతి చూడండి. అందరినీ కలుపుకోవడం ఎందుకంత సులువు కాదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. వినపడని పిల్లాడు బెలూన్‌ను రెండు చేతులతో పట్టుకుంటే పాట తాళం అరచేతుల్లో తెలుస్తుంది. డప్పు అయినా, అనంతపురం ఉరుముల వాద్యమైనా, ఆ అదురు బెలూన్ పొరలోంచి వేళ్లకు అందుతుంది. అతనికి అదే సంగీతం. అదే వరసలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పాప కూర్చుందనుకుందాం. బెలూన్ టప్‌మని పగిలితే ఆమె ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అలాంటి పిల్లల్లో ఉలికిపాటు చాలా ఎక్కువ, తమ చేతిలో ఉండదు. ఎప్పుడు పగులుతుందో అన్న భయంతోనే వేడుకంతా గడిచిపోతుంది. ఒకరికి సాయమైనది ఇంకొకరికి అడ్డు. బెలూన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఈ బడిలో ఈ ఏడాది ఎవరున్నారన్న ప్రశ్నకే జవాబుంటుంది. ఈ ఇద్దరూ ఉన్న బడిలో తోరణాల బెలూన్లకు బదులు కాగితపు పూలు కట్టి, ఆ పిల్లాడికి బెలూన్ బదులు డప్పు వాయించే అన్న పక్కనే చోటిచ్చి, డప్పు చట్రం మీద చెయ్యి వేయనిస్తే ఇద్దరి పండుగా నిలుస్తుంది.

మిఠాయి పొట్లం

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కానీ మరచిపోకూడనిది ఒకటుంది. నమలడం, మింగడం కష్టమైన పిల్లలకు వేరుశనగ చిక్కీ, పొడి బొరుగులు గొంతుకు అడ్డుపడతాయి. మెత్తని కేసరి, అరటిపండు, జావ తినగలుగుతారు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది అమ్మకు. అందరికీ కేసరి చేస్తే వేరే పొట్లం కట్టే పనే ఉండదు. ఉగాది పచ్చడి విషయంలో మాత్రం మన పండుగ ముందే అందరిని దృష్టిలో పెట్టుకున్నట్టుంది. కనబడని పిల్లకు వేపపువ్వు వాసన, చేదు, కొత్త బెల్లం తీపి ఎవరూ వివరించనక్కర్లేదు.

చెక్క భజనలో చోటు, ముగ్గుల్లో మార్కులు

ప్రదర్శనల్లో ఈ పిల్లలకు తరచూ దక్కే పాత్ర చెట్టు. లేదంటే దేవుడి విగ్రహం, అదీ కాకపోతే చివర్లో వచ్చి పువ్వు ఇచ్చే పాత్ర. వేదిక మీద ఉన్నాడు కాబట్టి కలుపుకున్నట్టే అనిపిస్తుంది. ఆ పిల్లాడు లేకపోయినా నాటకం అలాగే నడిచేదా అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

చెక్క భజన తీసుకుందాం. చేతిలో చెక్కలు, కాళ్లలో అడుగులు, నోట్లో పాట, మూడూ ఒకేసారి నడవాలి. చూపు లేని పిల్లాడికి పాట, చెక్కలు కష్టం కాదు. వలయంలో తిరగడమే కష్టం. పక్కవాళ్ల నడుము చుట్టూ కట్టిన కండువా కొస పట్టుకుంటే తిరగడమూ వస్తుంది. నడవలేని పిల్ల వలయం మధ్యలో గురువు స్థానంలో కూర్చుని తాళం వేస్తే, ఆమె వేగం పెంచినప్పుడే అందరి అడుగులూ వేగం పెంచాలి. అక్కడ ఆమె లేకపోతే భజన ఆగిపోతుంది. అలాగని నడవలేని ప్రతి పిల్లనూ మధ్యలోనే కూర్చోబెట్టడం అలవాటైతే అదీ ఒక మూసే. "నాకు తిరగాలని ఉంది సార్" అనే పిల్ల ఉంటుంది. చక్రాల కుర్చీతో వలయంలో తిరగడానికి స్థలం ఒక గజం ఎక్కువ కావాలి, అంతే.

పోటీలు ఇంకా కష్టం. సంక్రాంతి ముగ్గుల పోటీకి గంట సమయం ఉందనుకుందాం. చూపు తక్కువున్న అమ్మాయి చుక్కలు తడిమి తెలుసుకోవడానికి బియ్యప్పిండి ముద్దతో ఉబ్బెత్తు చుక్కలు పెట్టుకుంటుంది, ఆ తర్వాత గీతలు కలుపుతుంది. పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. అదే లెక్క ఇక్కడ వాడితే ఆమెకు 80 నిమిషాలు. ఇది మిగతావాళ్లకు అన్యాయమా? వేగమే పోటీ అయితే అన్యాయమే అనుకోవచ్చు. ముగ్గు అందం, చుక్కల లెక్క తప్పకపోవడం పోటీ అయితే సమయం ఎక్కువ ఇవ్వడం వల్ల ఎవరి మార్కులూ తగ్గవు. పోటీ దేని మీదో ముందే రాసి పెట్టిన బడిలో ఈ గొడవ సగం తీరిపోతుంది.

"పాపం, మొదటి బహుమతి ఇచ్చేద్దాం" అనడం మరో సమస్య. ఆ క్షణంలో చప్పట్లు గట్టిగానే మోగుతాయి. కానీ తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు ఏది గెలిచి తెచ్చుకున్నదో, ఏది జాలితో వచ్చిందో తెలుస్తుంది. తోటి పిల్లలకూ తెలుస్తుంది. ప్రోత్సాహం కోసమేనని సమర్థించే టీచర్లున్నారు, వాళ్ల మనసు మంచిదే. నేను మాత్రం ఆ బహుమతి పిల్లాడి చేతికి బరువే అనుకుంటాను. నిజంగా వచ్చిన మూడో బహుమతి ఇంటికి పరుగెత్తుకెళ్లి చూపించుకునేది.

వేరుగా జరపడం తప్పా?

ఐక్యరాజ్యసమితి 1992 నుంచి డిసెంబరు 3ను పాటిస్తోంది. ఆ రోజు మన దగ్గర ప్రత్యేక అవసరాల పిల్లలకు ఆటల పోటీలు, సన్మానాలు జరుగుతాయి. ఏడాదంతా పక్కన పెట్టి ఒక్కరోజు దండలు వేయడం ఎందుకని విమర్శించేవాళ్లున్నారు. ఇంకోవైపు నుంచి చూస్తే, తనలాంటి పిల్లలు ఇంతమంది ఉన్నారని ఒక పల్లె పిల్లాడు మొదటిసారి చూసేది ఆ రోజే కావచ్చు. తన తల్లికి ఇంకో తల్లి పరిచయమయ్యేదీ అక్కడే.

ప్రత్యేక పాఠశాలల విషయంలో వాదన ఇంకా లోతైనది. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), వినికిడి, చూపు, మానసిక వైకల్యాలున్న పిల్లలకు విడిగా బడులు నడుపుతోంది. వినపడని పిల్లలు వంద మంది ఒక చోట చదివే బడిలో పండుగ సైగల్లోనే నడుస్తుంది. జోకులు, అలకలు, పోట్లాటలు, నాటకం, అన్నీ. అక్కడ ఏ పిల్లా ఎవరో అనువదించి చెప్పేదాకా ఎదురుచూడదు. నలభై మంది మధ్య ఒక్కతే వినపడని పిల్లగా కూర్చోవడం కంటే ఆ పండుగే నిండుగా ఉంటుందని చెవిటివారి సంఘాలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఊళ్లోనే, అన్నదమ్ములు చదివే బడిలోనే, పక్కింటి పిల్లలతోనే పండుగ చేసుకోకపోతే పెద్దయ్యాక ఆ ఊరు వాళ్లను తనవాళ్లుగా ఎలా చూస్తుంది అన్నది సహిత విద్య వైపు వాదన. రెండింటిలోనూ బలముంది. తమలాంటి వారితో కలిసి చేసుకునే పండుగ, ఊరితో కలిసి చేసుకునే పండుగ, రెండూ కావాలనుకునే పిల్లలే ఎక్కువ. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడి మెట్లెక్కే, గూగూడులో పీర్ల ముందు హిందువులు నిప్పుల గుండం తొక్కే సీమ ఇది. ఎవరి పండుగ వాళ్లు చేసుకుంటూనే పక్కవాళ్ల పండుగకు వెళ్లడం ఇక్కడి జనానికి కొత్త కాదు.

టీచర్ల వైపు నుంచి

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడి ఉంటుంది. పండుగ రోజు వాళ్లే డాన్సు నేర్పాలి, వాళ్లే అతిథిని పిలవాలి, ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. అదే రోజు సహిత విద్య టీచరు నాలుగైదు బడుల నుంచి పిలుపు అందుకుంటారు. మూర్ఛ వచ్చే పిల్లాడికి ఏమైనా అయితే ఊరంతా అడిగేది హెడ్మాస్టరునే. ఆ భయాన్ని తేలిక చేయడం న్యాయం కాదు. రాత్రి పదకొండు దాకా సాగే వార్షికోత్సవంలో నిద్రలేమి, ఆకలి మూర్ఛను తెచ్చిపెట్టగలవు, మెరిసి ఆరిపోయే రంగు లైట్లు కొందరిలో తెచ్చిపెట్టగలవు. కార్యక్రమం సాయంత్రం నాలుగుకు మొదలై ఏడుకు ముగిస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

సమయం కూడా ఎక్కువ పట్టేది ఆ రోజున కాదు. ఆటిజం ఉన్న పిల్లాడికి పండుగ రోజు భయం ఎందుకంటే గంట మోగదు, పీరియడ్లు ఉండవు, సారు కొత్త బట్టల్లో వేరే మనిషిలా ఉంటాడు. జెండా, పాట, మిఠాయి, ఇల్లు అని నాలుగు బొమ్మలు గీసిన కాగితం వారం ముందు అతనికి ఇచ్చి రోజూ ఒకసారి చూపిస్తే ఆ రోజు తెలిసిన దారిలా అనిపిస్తుంది. ఆ బొమ్మలు గీసేది ఐదో తరగతి పిల్లలైనా చాలు. అంశాలు తేల్చే రోజునే అలాంటి పిల్లల అమ్మలను పిలిచి ఒక ఐదు నిమిషాలు మాట్లాడితే కేసరి సంగతి, బెలూన్ సంగతి, కండువా సంగతి అన్నీ అక్కడే బయటపడతాయి. పండుగ పొద్దున గేటు దగ్గర మాట్లాడితే మిగిలేది "ఇంటికి తీసుకెళ్లండమ్మా" ఒక్కటే.

బడికే రాని పిల్లలు

విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి వద్ద చదువు ఎంచుకోవచ్చు. వాళ్ల పేరు బడి రిజిస్టర్‌లోనే ఉంటుంది. టీచరు ఇంటికొస్తారు. పండుగ మాత్రం ఇంటికి రాదు. జనవరి 26న మిఠాయి పొట్లాలు లెక్కపెట్టేటప్పుడు ఆ పేరు ఎవరికీ గుర్తు రాదు. నలుగురు పిల్లలు కాగితం జెండా, పొట్లం పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి అక్కడ ఇంకోసారి గీతం పాడితే మొత్తం పావుగంట. మంచం మీదున్న పిల్లకు తన తరగతి ముఖాలు కనిపించే రోజు అదొక్కటే కావచ్చు.

ఆగస్టు 15న, జనవరి 26న చాలా బడుల్లో హాజరు పిలవరు, సెలవు రోజు కాబట్టి. అందుకే ఎవరు రాలేదన్నది ఏ కాగితంలోనూ ఉండదు. గ్రూపు ఫొటో మాత్రం ఉంటుంది, వాట్సాప్‌లో పంపినదే. ఆగస్టు, నవంబరు 14, జనవరి ఫొటోలు మూడూ పక్కపక్కన పెట్టి రిజిస్టర్‌తో సరిచూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మూడింట్లోనూ ఒకే పిల్లాడు లేడంటే, ఆ ఇంటికి "రేపు తీసుకురాకండి" అని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, లేదా "తీసుకురండి" అని ఎవరూ చెప్పి ఉండరు.